నీళ్లు కూడా తాగని ఉపవాసం తపస్సేనా?

ప్రశ్న: ఆరు నెలలుగా ఏకాదశికి మంచినీళ్లు కూడా ముట్టడం లేదు. షుగర్ మాత్రలూ ఆ రోజు మానేస్తున్నాను. మొన్న పూజ మధ్యలో కళ్లు తిరిగి పడిపోయాను. ఒళ్లు ఎంత కష్టపడితే అంత పుణ్యమని మా గురువుగారు అంటారు. నిజమేనా అండీ?

జవాబు: గీత 17వ అధ్యాయం 5, 6 శ్లోకాలు చూడండి. శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో ఒంటిని శోషింపజేసేవాళ్లు లోపలున్న తననూ బాధపెడుతున్నారని, వాళ్లది ఆసుర నిశ్చయమని కృష్ణుడే అన్నాడు. అదే అధ్యాయం 19వ శ్లోకంలో అయితే మొండిపట్టుతో చేసే ఆత్మహింస తామసం. నేనూ మోకాళ్లు వాచేదాకా పద్మాసనంలో కూర్చున్నదాన్నే. జపం సాగలేదు, నొప్పిని లెక్కపెట్టుకున్నానంతే!

మరో జవాబు: శ్లోకాలు తర్వాత. ముందు డాక్టర్‌ని కలవండి, మాత్రలు మానకండి.

ప్రశ్న అడిగినవారు: 17వ అధ్యాయం రోజూ పారాయణ చేస్తాను. అర్థం ఎప్పుడూ చూడలేదు. రేపే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా.