అప్‌డేట్: మూడో బిడ్డ పుడితే మా వదిన కార్పొరేటర్‌గా మళ్లీ నిలబడలేదా?

మా వదిన మూడోసారి నీళ్లోసుకుంది, ఇక పోటీకి పనికిరాదేమో అని అడిగాను కదా. పాప పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. మీలో కొందరు చెప్పినట్టే ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన మన ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు లేదు, 2024 నవంబరులో అసెంబ్లీ పంచాయతీరాజ్ చట్టంతో పాటు మున్సిపల్ చట్టాలనూ సవరించి తీసేసింది, మా లాయర్‌గారు కూడా చూసి అదే ఖాయం చేశారు. జనాభా తగ్గించాలని 1990లలో పెట్టిన రూలు, ఇప్పుడు పిల్లలు మరీ తగ్గిపోతున్నారని ఎత్తేశారు. మంచిపని చేశారు, ఎందుకంటే బిడ్డా సీటా అని నెలల తరబడి టెన్షన్ పడింది వదినే, అన్నయ్య కాదు. బాలింతరాలైనా వార్డు ఫోన్లు ఆగవు, నిన్న పాపని ఒళ్లో పడుకోబెట్టుకునే, పైపు పగిలిన వీధికి ట్యాంకర్ పంపమని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి చెప్పింది. టికెట్ మాత్రం పార్టీ ఇంకా తేల్చలేదు.