డబ్బు కట్టి ఆఫ్రికాలో జింకల వేట: కంచె లోపల కొడితే అది వేటేనా?

డాలస్_బాబాయ్
వచ్చే జూన్‌లో ఆఫీసు మిత్రులతో కలిసి దక్షిణాఫ్రికాలోని లింపోపోకి వేటకు వెళ్దామని ప్లాన్. ఏనుగులు, సింహాల జోలికి పోవడం లేదు. కుడూ, ఇంపాలా, బ్లూ విల్డబీస్ట్, వీలైతే గెమ్స్‌బాక్, అన్నీ జింకల్లాంటి గడ్డి, ఆకులు తినే జంతువులే. అక్కడ వీటిని ప్లెయిన్స్ గేమ్ అంటారు. మేం చూసిన ఫార్మ్ సుమారు 5 వేల హెక్టార్లు, చుట్టూ ఎత్తైన కంచె. రోజుకింత అని ఒక ఛార్జీ, కొట్టిన జంతువును బట్టి ట్రోఫీ ఫీజు అని ఇంకొకటి. మొన్న ఒక విందులో ఈ మాట ఎత్తితే సగం మంది మొహం తిప్పుకున్నారు. చికెన్ ప్లేటు చేతిలో పట్టుకునే తిప్పుకున్నారు. ఇందులో తప్పేముందో ఎవరైనా చెప్పండి. వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే సలహాలూ ఇవ్వండి.

గడ్డిమైదానం
తప్పు కంచెలో ఉంది. జంతువు పారిపోవడానికి దారి ఉండాలి, దొరకకుండా పోయే అవకాశం ఉండాలి. అప్పుడే అది వేట. మీరు డబ్బు కట్టిన రోజే ఆ కుడూ చావు ఖాయమైపోయింది.

సముద్రతీరం
చంపడం చంపడమే. కెమెరా పట్టుకెళ్ళి ఫొటోలు తీసుకుని రండి.

జోబర్గ్_వాసి
ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, సహోద్యోగులతో వేటకూ వెళ్ళాను. గడ్డిమైదానం గారూ, ఈ దేశంలో కంచెకు చట్టపరమైన కారణం ఉంది. 1991లో గేమ్ థెఫ్ట్ యాక్ట్ వచ్చింది. సరైన కంచె వేసిన భూమిలోని జంతువులు యజమానివేనని, అవి కంచె దాటి బయటపడినా హక్కు పోదని అది చెప్పింది. పశువులు మేపుకునే రైతులు వేల సంఖ్యలో గేమ్ ఫార్మ్‌ల (అడవి జంతువుల్ని పెంచే ఫార్మ్‌ల) వైపు మళ్ళడానికి అదొక పెద్ద కారణం. బ్లాక్ విల్డబీస్ట్ 19వ శతాబ్దం చివరికి కొన్ని వందలే మిగిలింది, అదీ కొద్దిమంది రైతులు తమ పొలాల్లో కాపాడబట్టి. ఇప్పుడు వేలల్లో ఉంది.

ఇక 5 వేల హెక్టార్లంటే 50 చదరపు కిలోమీటర్లు. ముళ్ళపొదల్లో మగ కుడూ కదలకుండా నిలబడితే యాభై గజాల్లో ఉన్నా కనిపించదు. దాని ఒంటి మీది తెల్లచారలు కొమ్మల నీడల్లో కలిసిపోతాయి. రోజంతా నడిచి ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు.

బాబాయ్ గారూ, మీకు కొన్ని మాటలు. మీరు అమెరికా పౌరులైతే వీసా అక్కర్లేదు, ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే ముందే తీసుకోవాలి. సొంత రైఫిల్ తేవాలంటే అమెరికాలో బయల్దేరే ముందు కస్టమ్స్‌లో 4457 ఫారం చేయించుకోవాలి. ఇక్కడ పోలీసుల ఫారం పేరు ఎస్‌ఏపీఎస్ 520. దాన్ని నల్ల ఇంకుతో నింపండి, సంతకం మాత్రం ఎయిర్‌పోర్టులో అధికారి ముందే పెట్టండి. ఇదంతా టెన్షన్ అనుకుంటే ఫార్మ్ వాళ్ళ రైఫిల్ అద్దెకు తీసుకోవచ్చు. మూడు కాళ్ళ కర్రల మీద ఆనించి కాల్చడం ఇంటి దగ్గరే బాగా ప్రాక్టీస్ చేయండి. ఇక్కడ బల్ల మీద కూర్చుని కాల్చే అవకాశం రాదు.

నెల్లూరు_చేప
మాంసం ఏం చేస్తారు?

జోబర్గ్_వాసి
వృథా కాదు. లాడ్జి వంటగదికి, పనివాళ్ళకు, కసాయి కొట్టుకు పోతుంది. బిల్టాంగ్‌గా ఎండబెట్టి అమ్ముతారు. అమెరికాకు మాత్రం తీసుకెళ్ళనివ్వరు.

గడ్డిమైదానం
మీరు చెప్పిన చట్టమే నా అభ్యంతరానికి ఆధారం. జంతువు యజమానిది అయ్యాక యజమాని ఏం చేశాడు? నల్ల ఇంపాలా, బంగారు రంగు విల్డబీస్ట్ అంటూ రంగుల కోసం దగ్గరి సంబంధాల్లో పెంచాడు. వాటికి లక్షల రాండ్లు (దక్షిణాఫ్రికా డబ్బు) పలికాయి, తర్వాత ఆ మార్కెట్ కుప్పకూలింది. దాన్ని సంరక్షణ అంటారా? కంచెల సంగతి బోట్స్‌వానాను అడగండి. 1980ల కరవులో కలహారి విల్డబీస్ట్ నీళ్ళ వైపు బయల్దేరి, కంచెలకు అడ్డుపడి వేలకు వేలు చచ్చాయి.

జోబర్గ్_వాసి
అవి పశువుల గాలికుంటు వ్యాధిని ఆపడానికి ప్రభుత్వం వేసిన కంచెలు. వేటకూ వాటికీ సంబంధం లేదు.

గడ్డిమైదానం
తీగ తీగే. తగిలిన జంతువుకు ఎవరు వేశారో తెలియదు.

డాలస్_బాబాయ్
కంచె వదిలేయండి కాసేపు. వేటను పూర్తిగా ఆపేసిన కెన్యాలో ఏమైంది? 1977లో నిషేధించారు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో అక్కడి వన్యప్రాణులు మూడింట రెండొంతులు తగ్గాయి.

గడ్డిమైదానం
జనాభా పెరిగింది, గొర్రెలు మేకలు పెరిగాయి, మేత భూములు ముక్కలయ్యాయి. తగ్గిందంతా నిషేధం ఖాతాలో వేయడం అన్యాయం.

గోదారి_గట్టు
నేను ఒకసారి వెళ్ళాను. డబ్బు సంగతి చెప్తా వినండి. నా గుండు ఇంపాలాకు తగిలింది, అది పొదల్లోకి పోయింది. గైడ్ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిపరక మీది రక్తపు చుక్కను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. లేత ఎరుపులో నురుగుంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, దగ్గర్లోనే దొరుకుతుందట. ఇది ముదురుగా ఉంది, అందులో పచ్చటి మేత తునకలు. కడుపుకు తగిలిందన్నాడు. చీకటి పడేదాకా వెతికాం, మర్నాడు కుక్కను తెచ్చి కూడా వెతికాం. దొరకలేదు. బిల్లులో మాత్రం పూర్తి ఫీజు వేశారు. చూపించని జంతువుకు డబ్బెలా తీసుకుంటారు? పచ్చి మోసం.

జోబర్గ్_వాసి
అన్నా, అది మోసం కాదు, రూలు. రక్తం కారితే డబ్బు కట్టాల్సిందే. ఒప్పందంలోనే ఉంటుంది. ఆ రూలు లేకపోతే ప్రతివాడూ దూరం నుంచి తోచినట్టు కాల్చేస్తాడు. ఆఫ్రికా జంతువులకు గుండె మనం అనుకునేదానికంటే కిందగా, ముందు కాలి పైనే ఉంటుంది. అమెరికాలో జింకను కొట్టే అలవాటుతో భుజం వెనక కాలిస్తే కడుపుకు తగులుతుంది. ముందు కాలి వెంబడి పైకి చూసి, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర కొట్టాలి.

గోదారి_గట్టు
నాకు పాఠం వద్దు. ఫీజు గురించి మాట్లాడండి.

పాలమూరు_బిడ్డ
రెండు రోజులుగా చదువుతున్న. ఇక ఆగలేక రాస్తున్న. మాది నారాయణపేట జిల్లా, కృష్ణ ఒడ్డు. మా దిక్కు కృష్ణజింకలు మందలు మందలుగా వస్తయి. పత్తి, కంది మొలక రెండాకులు వేసే సమయానికి దిగుతయి. తెల్లారేసరికి సాళ్ళల్లో మొదళ్ళు తప్ప ఏమీ మిగలవు. మా నాన్న రాత్రంతా మంచె మీద టార్చిలైటు పట్టుకుని కూర్చుంటాడు. నష్టపరిహారం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగితే ఫొటో లేదు, ఇంకో కాగితం లేదు అని వెనక్కి పంపిన్రు. అడవి పందినైతే సర్పంచ్ అనుమతితో కాల్పించొచ్చని 2021లో మన రాష్ట్రంలో చెప్పిన్రు. కృష్ణజింక షెడ్యూల్ 1, అంటే చట్టంలో గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. తరమడం తప్ప ఏం చేయరాదు.

అదే కృష్ణజింకను 1930లలో టెక్సాస్ తీసుకుపోయి రాంచుల్లో వదిలిన్రు. ఇప్పుడు అక్కడ దాన్ని కాల్చడానికి వేల డాలర్లు కడతరు. ఆ డబ్బు భూమి ఉన్నోడికి పోతది. మా నాన్నకు మాత్రం రాత్రి కాపలా.

గడ్డిమైదానం
చివరికి తేలింది. మన రాష్ట్రాల్లో కూడా టికెట్ పెట్టి కృష్ణజింకల్ని కాల్పించాలన్నమాట. సిగ్గుండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకపోతే ఈపాటికి ఆ జింకను బొమ్మలోనే చూసేవాళ్ళం.

పాలమూరు_బిడ్డ
సిగ్గు ఎవరికి ఉండాలి సార్? మీరు ఏ ఊళ్ళో ఉంటరో నాకు తెలియదు, ఒక్క రాత్రి మా చేన్లో పడుకోండి. నేను చంపమనలేదు. నేను రాసింది మళ్ళా చదవండి.

సముద్రతీరం
ఇద్దరూ శాంతించండి దయచేసి.

గడ్డిమైదానం
శాంతంగానే చెప్తున్నా. నా అసలు బాధ కంచె కూడా కాదు. అడవి జంతువు ఎవరి ఆస్తీ కాదు, కాకూడదు. దానికి ధర కట్టిన మరుక్షణం ధర పలకని జంతువు గతి ఏమిటి? కొమ్ములు బావున్న కుడూను కాపాడతారు. ఇంపాలా దూడల్ని తినే నక్కను, అడవికుక్కను ఆ ఫార్మ్ యజమాని ఎందుకు బతకనిస్తాడు?

పాలమూరు_బిడ్డ
ఎవరి ఆస్తీ కాదంటరు, బానే ఉంది. మరి అది తిన్న పంట ఒక్క మా నాన్నదే ఎట్లయింది? అందరి జింక అయితే నష్టం కూడా అందరూ పంచుకోవాలి. నేను అడిగేది అంతే.

జోబర్గ్_వాసి
తమ్ముడూ, నువ్వు అడిగిన దానికి దగ్గరగా నమీబియా ఒక పని చేసింది. 1996లో చట్టం మార్చి, ఉమ్మడి భూముల్లో ఉండే ఊళ్ళవాళ్ళు కన్జర్వెన్సీగా ఏర్పడితే అక్కడి జంతువుల మీద హక్కులు ఇచ్చింది. మొదటివి 1998లో నమోదయ్యాయి, ఇప్పుడు ఎనభైకి పైగా ఉన్నాయి. వేట ఫీజు, మాంసం ఊరికి వస్తాయి, వేటతో పాటు టూరిస్టు లాడ్జిల నుంచి కూడా ఆదాయం ఉంది. అక్కడా ఏనుగులు తోటలు తొక్కుతాయి, పరిహారం చాలదని గొడవలున్నాయి. కానీ ఎన్నింటిని కొట్టనివ్వాలో తేల్చేటప్పుడు ఊరివాళ్ళు కూడా కూర్చుంటారు. బాబాయ్ గారూ, కంచె లేని చోటు కావాలంటే అక్కడికి వెళ్ళండి. మంద దొరకడం కష్టం, నడక ఎక్కువ.

డాలస్_బాబాయ్
మిత్రుల్లో ఇద్దరు లింపోపోకి అడ్వాన్స్ కట్టేశారు, వాళ్ళు మారరు. నేను నమీబియా అడిగి చూస్తా. కానీ ఊరికి ఎంత పోతుందో నాకెలా తెలుస్తుంది?

గడ్డిమైదానం
ట్రోఫీ ఫీజులో కన్జర్వెన్సీకి ఎంత, కంపెనీకి ఎంత అని రాతపూర్వకంగా అడగండి. ఎన్ని జంతువులకు అనుమతి ఉందో ఆ కోటా కాగితం కూడా అడగండి. చూపించినా నేను వేటను సమర్థించను, అది వేరే సంగతి. చూపించకపోతే మాత్రం డబ్బు కట్టకండి.

పాలమూరు_బిడ్డ
ఆ కాగితం వస్తే ఇక్కడ పెట్టండి బాబాయ్. మా గ్రామసభలో చూపిస్త.

గోదారి_గట్టు
నా ఇంపాలా ఫీజు గురించి ఇంకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు.