తిప్పతీగ వ్యాసంలో ఏ మూలం చెల్లుతుంది? వైద్య విషయాలకు పేపర్ వార్త చాలా?

మూలాలవేట:
తెలుగు వికీపీడియాలో మొక్కల వ్యాసాలు చదివేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. షుగర్ తగ్గుతుంది, కామెర్లు పోతాయి, కీళ్ల నొప్పులు తగ్గుతాయి అని వరసగా రాసి ఉంటుంది. మూలం ఉంటే అది ఏదో పేపర్ ఆరోగ్య పేజీ. తిప్పతీగ విషయంలో ఇప్పుడు గొడవ వచ్చింది. ఒకరు ఆ వాక్యాలన్నీ తీసేసి, ఒక పరిశోధన పత్రం చూపించి "తిప్పతీగ కాలేయాన్ని దెబ్బతీస్తుంది" అని రాశారు. ఇంకొకరు దాన్ని రద్దు చేసి పాతదే పెట్టారు. ఎదుటివాళ్ల మూలం చెల్లదని ఇద్దరూ అంటున్నారు. ఇంగ్లీషు వికీలో వైద్యానికి విడిగా మార్గదర్శకం ఉంది. విడివిడి పరిశోధనల మీద ఆధారపడకుండా, చాలా పరిశోధనలను కలిపి బేరీజు వేసిన రివ్యూ వ్యాసాలు, పెద్ద వైద్య సంస్థల సిఫార్సులు, పాఠ్యపుస్తకాలు వాడాలి, అవి కూడా వీలైతే గత 5 ఏళ్లలో వచ్చినవై ఉండాలి అంటుంది. అదే మనమూ పెట్టుకుందామా?

కృష్ణాతీరం:
నేను ఒప్పుకోను. ఆ నియమం రాసుకున్నవాళ్ల దగ్గర వేల మంది రాసేవాళ్లున్నారు, వాళ్ల భాషలోనే వైద్య పత్రికలున్నాయి. తెలుగులో వైద్యం మీద రివ్యూ వ్యాసాలు ఎక్కడ దొరుకుతాయండి? ఇంగ్లీషులో ఉన్నవాటిలో కూడా చాలావరకు డబ్బు కడితే గానీ తెరుచుకోవు. ఆ నియమం ఉన్నదున్నట్టు దించితే మన దగ్గర వస్తుగుణ గ్రంథాల్లో, అంటే ఏ మొక్కకు ఏ గుణమో చెప్పే పాత వైద్య పుస్తకాల్లో, తరతరాలుగా ఉన్నదంతా "మూలం లేదు" అని చెరిపేయాల్సి వస్తుంది. ఇంకో సంగతి. ఇంగ్లీషు వికీ ఆయుర్వేదాన్ని సూడోసైన్స్ (శాస్త్రంలా కనబడే అశాస్త్రం) అన్నందుకు ఆయుర్వేద మందుల తయారీదారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 అక్టోబరులో కోర్టు ఆ పిటిషన్ తీసుకోలేదు, కావాలంటే వ్యాసాన్ని మీరే దిద్దుకోవచ్చు కదా అంది. దిద్దితే అక్కడ నిలవనిస్తారా? అదే వాతావరణం ఇక్కడికీ తేవద్దనే నా బాధ.

నర్సక్క:
నేను వార్డులో పనిచేస్తాను. మందు మానేసి వచ్చినవాళ్లు ఫోన్ తీసి "ఇదిగో ఇక్కడ రాసి ఉంది" అని చూపిస్తారు. అది వికీనా, వాట్సాపా అన్నది వాళ్లకు పట్టదు, అచ్చులో తెలుగులో ఉంటే చాలు. తెలుగులో మూలాలు తక్కువ కాబట్టి కొలత తగ్గిద్దాం అనడం నాకు మింగుడు పడదు, ఎందుకంటే తెలుగు మాత్రమే చదవగలిగే మనిషికి సరిచూసుకోడానికి వేరే దారి కూడా లేదు, ఆ మనిషికే ఇంకా గట్టి కొలత ఉండాలి.

2021 మే గుర్తుందా? నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది బారులు తీరారు. ఆ వారం పేపర్లు, టీవీలు తిరగేస్తే కరోనా తగ్గిందన్న మాటలే. ప్రభుత్వం పంపిణీ ఆపి పరిశీలన చేయించింది. నెలాఖరుకు కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది. హాని కనబడలేదు, కరోనా తగ్గుతుందనడానికి రుజువూ లేదు, తేలింది ఇంతే. ఆ వారం వార్తలు మూలంగా పెట్టి "కరోనా తగ్గిస్తుంది" అని రాసి ఉంటే అది ఎన్నేళ్లు అలాగే ఉండిపోయేది?

పాత చదువరి:
నర్సక్క గారూ, మీ ఉదాహరణే నేను ఇంకో వైపు నుంచి చూస్తాను. ప్రభుత్వం పంపిణీ ఆపింది, తర్వాత అనుమతి ఇచ్చింది అని ఇప్పుడు మీరు చెప్పినదంతా మనకు తెలిసింది పేపర్ల వల్లే కదా. ఆ వాక్యాలకు పేపరే మంచి మూలం, ఏ వైద్య పత్రికా దాన్ని అంతకంటే బాగా చెప్పదు. "ఈ పేపర్ నమ్మదగినదా కాదా" అని మొత్తంగా అడుగుతున్నాం కాబట్టే గొడవ తెగడం లేదు. ఈ వాక్యాన్ని ఈ మూలం మోయగలదా అని ఒక్కో వాక్యానికి అడగాలి.

హైదరాబాద్ చేప ప్రసాదం చూడండి. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఇస్తారు, కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు, కరోనా వల్ల ఆగి 2023లో మళ్లీ మొదలైంది. వీటన్నిటికీ పేపర్ చాలు. ఒకప్పుడు "చేప మందు" అనేవాళ్లు, దానిమీద అభ్యంతరాలు వచ్చాక "ప్రసాదం" అన్న పేరు స్థిరపడింది, దానికీ పేపర్ చాలు. "ఉబ్బసం తగ్గుతుంది" అన్న ఒక్క వాక్యానికి మాత్రం చాలదు. వచ్చినవాళ్లు అలా నమ్ముతారు అని రాయండి, అది నిజమే.

కృష్ణాతీరం:
సరే, వాక్యం వాక్యంగానే చూద్దాం. మరి కాలేయం వాక్యం ఎలా నిలుస్తుంది? అది ముంబైలో ఆరుగురు రోగుల మీద వచ్చిన పత్రం. ఆరుగురు! షుగర్ తగ్గుతుందని నేను ఆరుగురి పత్రం తెస్తే ఒప్పుకుంటారా?

మూలాలవేట:
న్యాయమైన ప్రశ్న. నేను చదివింది చెబుతాను. ఆరుగురి పత్రం 2021లో వచ్చింది. అదే జులైలో ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది: ఆ రోగులు వాడినది అసలు తిప్పతీగేనా, అదే జాతిలో దానిలాగే ఉండే ఇంకో తీగా అన్నది డాక్టర్లు తేల్చలేదు అని. 2022లో దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది రోగులతో మరో పత్రం వచ్చింది, అది మొదటిదానికంటే చాలా బలమైనది. అయినా రెండూ ప్రాథమిక మూలాలే, అంటే రోగులను చూసినవాళ్లు తాము చూసింది నేరుగా రాసినవే. ఇంగ్లీషు వికీ కొలతతో కొలిస్తే "కాలేయాన్ని దెబ్బతీస్తుంది" అని ఏ షరతూ లేకుండా రాయడానికి అవి చాలవు. ఒక్క పత్రాన్ని పట్టుకుంటే ఏమవుతుందో చూశాం కదా: తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ లాన్సెట్ అనే వైద్య పత్రికలో 1998లో వచ్చిన పత్రం 12 మంది పిల్లల మీద రాసింది, 2010లో గానీ వెనక్కి తీసుకోలేదు.

అలాగని "రివ్యూ" అన్న ముద్ర ఉంటే చాలనుకోవద్దు. మొక్కల మీద రివ్యూలు కుప్పలుగా ఉన్నాయి, తెరిచి చూస్తే చాలావాటిలో ఉన్నది ఎలుకల మీద, గాజు గొట్టాల్లో కణాల మీద చేసిన పరీక్షల జాబితా. దాన్ని పట్టుకొచ్చి "మధుమేహం తగ్గుతుంది" అని రాస్తే పేపర్ వార్తకీ దానికీ తేడా ఏముంది?

నర్సక్క:
ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. మేలుకూ కీడుకూ ఒకే తూకం అంటున్నారు మీరందరూ. మేలు చేస్తుందని రాయకపోతే ఎవరికీ ఏమీ కాదు. కీడు సంగతి రాయకపోతే, ముందే కాలేయం బాగోలేని మనిషి రోజూ కషాయం తాగుతూనే ఉంటాడు.

పాత చదువరి:
అందుకే రాయకుండా వదలొద్దు, ఎవరు అన్నారో చెప్పి రాద్దాం. నా ప్రతిపాదన: "తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు 2021, 2022లో మన దేశపు వైద్యులు నివేదించారు. ఆ రోగులు వాడిన మొక్క ఏదో నిర్ధారణ కాలేదని 2021 నివేదికపై ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది." ఇందులో ఎవరు కొట్టేయగల ముక్క ఏముంది?

ఇక పద్ధతి. ఇంగ్లీషు వికీలో చర్చ పేజీలో, అంటే ప్రతి వ్యాసం వెనకా రాసేవాళ్లు మాట్లాడుకునే పేజీలో, తేలకపోతే మూలాల మంచిచెడ్డలు చర్చించే వేదిక ఉంది, అందరి అభిప్రాయం అడిగే ఏర్పాటు ఉంది, 24 గంటల్లో మూడుసార్లకు మించి రద్దు చేస్తే నిరోధం పడుతుంది. మన దగ్గర రచ్చబండలో, అంటే తెలుగు వికీలో అందరూ కలిసి చర్చించే పేజీలో, పెడితే వచ్చేది ఇద్దరు ముగ్గురు, ఎక్కువసార్లు గొడవపడ్డవాళ్లే. కాబట్టి తేలేదాకా ఏ కూర్పు ఉండాలన్నదే అసలు ప్రశ్న. నా మటుకు, వివాదంలో ఉన్న వైద్య వాక్యం, మేలు చెప్పేదైనా కీడు చెప్పేదైనా, చర్చ పేజీలో ఉండాలి, వ్యాసంలో కాదు.

కృష్ణాతీరం:
ఆ రెండు వాక్యాలకు నాకు అభ్యంతరం లేదు. నావి రెండు షరతులు. తీసేసేవాళ్లు చెరిపేసి వెళ్లిపోకుండా ఆ వాక్యాలను చర్చ పేజీకి మార్చాలి. "సంప్రదాయ వాడుక" అని ఒక విభాగం ఉండాలి, అందులో ఏ గ్రంథం ఏం చెప్పిందో ముద్రణ సంవత్సరం, పేజీ నంబరుతో సహా రాస్తాం, "తగ్గుతుంది" అనకుండా "అని చెప్పారు" అంటాం. 5 ఏళ్ల నియమం మాత్రం ఆ విభాగానికి వర్తించకూడదు, వందేళ్ల నాటి గ్రంథం ఏం చెప్పిందో చెప్పడానికి ఆ గ్రంథమే మూలం.

మూలాలవేట:
ఇది రచ్చబండలో పెడతాను, రెండు వారాలు తెరిచి ఉంచుదాం. నర్సక్క గారూ, మీకు సమ్మతమేనా?

నర్సక్క:
విభాగం సమ్మతమే. కానీ తేలేదాకా కాలేయం మాట చర్చ పేజీలో దాచడం సమ్మతం కాదు, చర్చ పేజీ రోగులెవరూ తెరవరు. ఆ రెండు వాక్యాలూ ఇవాళే వ్యాసంలో ఉండాలి, అదీ మొదటి పేరాలో. కిందెక్కడో పెడితే నేను వ్యతిరేకంగానే ఓటు వేస్తాను.