ఎర్రర్ కోడ్‌లు లేవంటే బ్యాటరీ సామర్థ్యం తగ్గనట్టేనా? వారంటీ పరీక్ష ఎలా అడగాలి?

ప్రశ్న:
నా ఎలక్ట్రిక్ కారుకు ఏడో ఏడు నడుస్తోంది. కొత్తలో ఒక్క ఛార్జితో వెళ్లివచ్చిన దూరానికి ఇప్పుడు దారిలో మళ్లీ ఛార్జి పెట్టవలసి వస్తోంది. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, వీటిలో ఏది ముందు వస్తే అంతలోపు సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గితే బాగుచేస్తామని వారంటీ పత్రంలో ఉంది. డీలర్ దగ్గర స్కానర్ తగిలించి, కాసేపటికే ఎర్రర్ కోడ్‌లు ఏవీ లేవు కనుక బ్యాటరీ బాగానే ఉందని చెప్పి పంపించారు. శాతం ఎంతో చెప్పమంటే ఆ వివరం ఇవ్వరట. గడువు ముగిసేలోపు నేను ఏ పరీక్ష కోరాలి?

జవాబు 1:
డ్యాష్‌బోర్డు చూపే దూరాన్ని ఆధారంగా పెట్టుకుని వాదించకండి. అది ఇటీవల మీరు నడిపిన తీరు, వేగం, వాతావరణం చూసి కారు వేసుకునే అంచనా కాబట్టి డీలర్ తేలికగా తోసిపుచ్చగలరు. దానికి బదులు, 10 శాతం నుంచి 90 శాతం దాకా ఒకే విడతలో ఛార్జి చేసి, బ్యాటరీలోకి చేరిన శక్తిని 0.8తో భాగించండి. 32 కిలోవాట్ అవర్లు చేరితే మొత్తం సామర్థ్యం సుమారు 40 అన్నమాట. గోడ దగ్గరి మీటరు అంకెలో ఛార్జర్‌లో పోయే నష్టం కూడా కలుస్తుంది కనుక దాన్ని నేరుగా తీసుకుంటే మీ బ్యాటరీ ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. ఓబీడీ అడాప్టర్‌తో, అంటే కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే చిన్న పరికరంతో, చదివిన అంకె నయం.

జవాబు 2:
నేను సర్వీసు విభాగంలో పనిచేశాను. కోడ్‌లు పడేది లోపాలకు: బ్యాటరీలోని సెల్‌ల వోల్టేజీల మధ్య తేడా హద్దు దాటినప్పుడు, ఇన్సులేషన్ దెబ్బతిన్నప్పుడు, సెన్సర్ చెడినప్పుడు. సెల్‌లన్నీ సమానంగా అరిగిన ప్యాక్ 65 శాతానికి పడిపోయినా ఒక్క కోడ్ కూడా రాకపోవచ్చు. అందువల్ల మీకు వచ్చిన సమాధానం మీరు అడిగిన దానికి కాదు.

పై జవాబుకు ఒక సవరణ కూడా అవసరం. ఓబీడీలో కనిపించేది సైతం బీఎంఎస్ (బ్యాటరీని అదుపు చేసే కంప్యూటర్) వేసే అంచనాయే. లోపలికి, బయటికి ప్రవహించిన కరెంటును కూడుకుంటూ, కారు కదలకుండా ఉన్నప్పటి సెల్ వోల్టేజీతో సరిచూసుకుంటూ అది ఆ అంకెకు వస్తుంది. ఎప్పుడూ సగానికి పైగా ఛార్జితోనే తిరిగే కారులో ఆ లెక్క దారి తప్పుతుంది. వోల్టేజీ దాదాపు మారకుండా సాగే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్‌లలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. నమ్మదగిన కొలత కావాలంటే బ్యాటరీని దాదాపు ఖాళీ చేసి, సెల్‌లు మరీ చల్లగా లేకుండా చూసుకుని, పూర్తిగా నింపుతూ కొలవాలి. టెస్లా సర్వీస్ మోడ్‌లోని పరీక్ష ఇలాంటిదే. అది పూర్తి కావడానికి ఒక రోజు దాకా పట్టవచ్చు.

జవాబు 3:
వారంటీ పత్రంలో ఆ 70 శాతం దేని మీద లెక్కించారో చూడండి. తయారీదారులు కొంత భాగాన్ని వాడకానికి ఇవ్వకుండా అట్టేపెడతారు కనుక మొత్తం సామర్థ్యం వేరు, వాడుకోగలిగేది వేరు. కొందరు అసలు శాతమే రాయరు. నిస్సాన్ లీఫ్‌ డ్యాష్‌బోర్డులో సామర్థ్యాన్ని చూపే 12 గడులుంటాయి, తొమ్మిది కన్నా తగ్గితేనే వారంటీ వర్తిస్తుంది; తొలి గడి సుమారు 15 శాతం పోయాక ఆరుతుంది, తర్వాతివి ఆరు శాతం పైచిలుకుకు ఒకటి చొప్పున ఆరుతాయి. అంటే ఎనిమిది గడులు మిగిలేసరికి సామర్థ్యం మూడింట రెండు వంతుల దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

శాతం చెప్పకపోవడం మాత్రం నాకు అన్యాయంగానే తోస్తోంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల వేదిక 2022లో తెచ్చిన 22వ ప్రపంచ సాంకేతిక నిబంధన ఐదేళ్లకు 80, ఎనిమిదేళ్లకు 70 శాతం ఉండాలనడంతో ఆగలేదు. ఆ అంకె యజమానికి అందుబాటులో ఉండాలని కూడా చెప్పింది. పాత కార్లకు అది వర్తించదు, అది వేరే సంగతి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. 71 శాతం వస్తే ఏం చేయాలి?

జవాబు 2:
ఆ అంకెను, కొలిచిన పద్ధతిని, సెల్ ఉష్ణోగ్రతను, ఓడోమీటర్ రీడింగును జాబ్ కార్డు మీద రాయించుకుని, గడువుకు కొద్ది నెలల ముందు అదే పద్ధతిలో మళ్లీ కొలిపించండి. తగ్గుదల మొదటి ఏడాదిలో ఉన్నంత వేగంగా తర్వాత ఉండదు కనుక ఒక్క శాతానికి కూడా చాలా కాలం పట్టవచ్చు. వారంటీ వర్తించినా కొత్త బ్యాటరీ ఇస్తారని అనుకోవద్దు. చాలా పత్రాలు బలహీనపడిన మాడ్యూళ్లు (సెల్‌ల గుంపులు) మార్చి హద్దుకు పైకి తెస్తే చాలంటాయి.