వైల్డ్ హార్సెస్ లాంటి దిగులు పాట ఇంట్లో రికార్డ్ చేస్తుంటే జోలపాటలా వస్తోంది, ఎక్కడ తేడా కొడుతోంది?

టెర్రస్‌గిటార్:

అందరికీ నమస్కారం, కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. కంట్రీ రాక్ (అమెరికా పల్లెపాటల బాణీ కలిసిన రాక్) పిచ్చి నాకు లేటుగా పట్టింది, రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ పాట వైల్డ్ హార్సెస్ వినీ వినీ ఆ మూడ్‌లో తెలుగులో ఒక పాట రాసుకున్నా, ఊళ్ళో పొలం అమ్మేసి సిటీకొచ్చేసిన ఇంటి పెద్దకొడుకు పాడుకునే పాట అన్నమాట. రాయడం వరకు ఓకే. రికార్డింగ్ దగ్గరే మొత్తం చెడుతోంది.

ఏం చేశానంటే E మైనర్‌లో పెట్టా (మైనర్ అంటే దిగులు స్వరాల వరస కదా అని), క్లిక్ (తాళం చూపే టిక్కు) నిమిషానికి 72, అకూస్టిక్ ఒకటి ఎడమ పక్క ఒకటి కుడి పక్క డబుల్ చేశా, వెనక ప్యాడ్ (సాగుతూ పరుచుకునే కీబోర్డ్ శబ్దం), మొదటి నుంచీ డ్రమ్ లూప్ (అదే దరువు తిరిగి తిరిగి), గొంతు మీద బోలెడు రివర్బ్ (ప్రతిధ్వని). అన్నీ విడివిడిగా తీసి పేర్చా. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు, కానీ వింటే నిద్రొస్తోంది. మా రూమ్మేట్ అయితే రీల్స్‌లో కుక్కపిల్లని రక్షించే వీడియోల వెనక వేసే మ్యూజిక్‌లా ఉంది బే అన్నాడు, వాడి నోట్లో మన్ను పడ, కానీ నిజమే.

వైల్డ్ హార్సెస్‌లో కూడా ఉన్నది అకూస్టిక్ గిటార్లే కదా, స్లోగానే ఉంటుంది కదా, మరి అక్కడ గుండె పట్టేస్తుంది ఇక్కడ ఆవలింత ఎందుకొస్తోంది? తెలిసినవాళ్ళు చెప్పండి. ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) కొనమని మాత్రం చెప్పకండి, డబ్బుల్లేవు.

పాతటేప్:

ముందు ఆ E మైనర్ తీసెయ్ తమ్ముడూ. దిగులంటే మైనర్ అని ఎవడు చెప్పాడో గానీ కంట్రీలో గొప్ప ఏడుపు పాటలు బోలెడు మేజర్‌లోనే (వెలుగుగా వినిపించే వరస) ఉంటాయి. వైల్డ్ హార్సెస్ జీ మేజర్. కాకపోతే చరణం ఎత్తుకోవడం బీ మైనర్ కార్డు (కలిపి మోగించే స్వరాలు) మీద ఎత్తుకుంటుంది, బీ మైనర్ నుంచి జీ, మళ్ళీ బీ మైనర్, మళ్ళీ జీ, అలా ఊగుతూ ఉంటుంది. పూర్తిగా ఏడవదు, పూర్తిగా తేరుకోదు. నువ్వు మొత్తం మైనర్‌లో పెడితే మొదటి పది సెకన్లలోనే ఇది బాధ పాట అని తేలిపోయింది, ఇంక వినేవాడికి తెలుసుకోడానికి ఏం మిగిలింది?

అసలు మైనర్ కార్డుల మీద ఒక కథ ఉంది, నాకు భలే ఇష్టం. స్టోన్స్‌తో మొదట్నుంచీ ఉన్న పియానో ఆయన ఇయన్ స్టీవర్ట్, బ్యాండ్ పుట్టినప్పటి మనిషి, ఆయనకి బూగీ వూగీ (హుషారు పియానో బాణీ) తప్ప వేరేది గిట్టదు, మైనర్ కార్డులంటే మరీ చిరాకు. ఈ పాట దగ్గరకొచ్చేసరికి నేను వాయించనని తప్పుకున్నాడు. ఆ టైముకి స్టూడియోలో జిమ్ డికిన్సన్ అని మెంఫిస్ ఆయన ఊరికే చూడ్డానికొచ్చి కూర్చుని ఉన్నాడు, ఆయన్ని లాగారు. ఆయన వాయించింది ట్యాక్ పియానో, అంటే సుత్తులకి చిన్న మేకులు గుచ్చి ఉంటాయి, తీగకి తగిలినప్పుడు టింగుమని రేకు మోత వస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను, పియానో ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత తక్కువ వాయించాడు. నీ ప్యాడ్ ఉంది చూడు, అది మొదటి సెకను నుంచి చివరి దాకా పరుచుకునే ఉంటుంది. అదే నీకు నిద్ర తెప్పించేది.

హాఫ్‌కర్నాటిక్:

పాతటేప్ గారు చెప్పిన బీ మైనర్ విషయం ఇంకో వైపు నుంచి చెప్తానండీ, చిన్నప్పుడు సంగీతం క్లాసులకి పంపారు కాబట్టి నా బుర్ర అలాగే పనిచేస్తుంది. జీ షడ్జం అనుకుంటే ఇది శంకరాభరణం స్వరాలు. బీ మైనర్‌లో ఉండేవి బీ, డీ, ఎఫ్ షార్ప్, అంటే గాంధారం, పంచమం, కాకలి నిషాదం. షడ్జం లేదు! చరణం మొదటి అడుగే సా లేని చోట వేస్తున్నారు, తర్వాత జీకి వస్తే ఇల్లు చేరినట్టుంటుంది, చేరిన వెంటనే మళ్ళీ బయటికి లాగుతారు. ఇక పల్లవిలో ఎఫ్ మేజర్ వస్తుంది, అక్కడ కాకలి నిషాదం పోయి కైశికి నిషాదం (అర మెట్టు కింది ని) తగుల్తుంది, ఒక్క క్షణం హరికాంభోజి రాగం వాసన. నాకైతే పాటలో గుండె జారేది సరిగ్గా అక్కడే, ఆ ఎఫ్ నుంచి సీ కి దిగేటప్పుడు.

తంబూరా యాప్ జీ లో పెట్టుకుని ఈ కార్డులు మెల్లగా వాయించి చూడండి, ఏది ఎక్కడ రాసుకుంటుందో చెవికే తెలుస్తుంది.

బ్లంట్‌బాబు:

రాగాలెందుకండీ బాబూ, అవతల వాళ్ళు అంత ఆలోచించి కట్టలేదు. కుర్రాడి సమస్య కార్డు కాదు, గొంతు. రివర్బ్ ఎక్కువేసుకుని ఏడుస్తూ పాడి ఉంటాడు, పందెం. స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ ఆ పాటలో ఎక్కడా ఏడవడు, అలసిపోయిన మనిషి మాట్లాడినట్టు పాడతాడు, కొన్ని మాటలు నమిలేస్తాడు కూడా. నువ్వు ఏడిస్తే వినేవాడు ఏడవక్కర్లేదు, నువ్వే ఏడ్చేశావుగా.

హాఫ్‌కర్నాటిక్:

ఆలోచించి కట్టారని నేనెక్కడన్నానండీ. చెవి ముందు, లెక్క తర్వాత. కాకపోతే లెక్క తెలిస్తే తన పాటలో అలాంటి చోటు ఎక్కడ పెట్టాలో వెతుక్కోవచ్చు కదా. గొంతు సంగతిలో మాత్రం మీ మాటే నా మాట.

మూడోతీగ:

గిటార్ గురించి ఎవరూ చెప్పలేదేంటి. టెర్రస్ బ్రో, నువ్వు ఒకే గిటార్ ఒకే షేప్ రెండుసార్లు వాయించి అటూ ఇటూ పెట్టావ్, వెడల్పు వచ్చింది, అంతే, లోతు రాలేదు. వాళ్ళు అలా చెయ్యలేదు. స్టోన్స్ గిటారిస్టులు ఇద్దరు, కీత్ రిచర్డ్స్ చేతిలో పన్నెండు తీగల గిటార్, మిక్ టేలర్ చేతిలో నాష్‌విల్ ట్యూనింగ్ చేసిన అకూస్టిక్. నాష్‌విల్ ట్యూనింగ్ అంటే పైనున్న నాలుగు లావు తీగలు (ఈ, ఏ, డీ, జీ) తీసేసి సన్న తీగలు వేసి ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైన ట్యూన్ చేస్తారు, కింద రెండూ మామూలే. వాయించే చేతికి కార్డు అదే, వచ్చే శబ్దం మాత్రం సన్నగా, గాజుగ్లాసులు తగిలినట్టు. కింద బరువు ఉండదు కాబట్టి బాస్‌కీ మామూలు గిటార్‌కీ అడ్డం రాదు.

దీనికి ప్లగిన్ అక్కర్లేదు. పన్నెండు తీగల సెట్ ఒకటి కొను, అందులో జంటల్లో ఉండే సన్న తీగలే నీకు కావాల్సినవి, మిగిలినవి దాచుకో. ఒక్క హెచ్చరిక, ఆ జీ తీగ వెంట్రుకలా ఉంటుంది, ట్యూన్ చేసేటప్పుడు టప్పున తెగుతుంది, మొహం దగ్గర పెట్టుకోకు, మెల్లగా తిప్పు, మధ్యమధ్యలో తీగని వేలితో కొంచెం లాగి సాగదీస్తూ పైకి తీసుకెళ్ళు. పాత గిటార్ ఎవరిదైనా అప్పు దొరికితే దానికే వేసి వదిలెయ్, నీ మెయిన్ గిటార్ పాడుచేసుకోకు.

ఇంకోటి, కంట్రీ అనగానే పెడల్ స్టీల్ (పెడళ్ళతో తీగల శ్రుతి మార్చే గిటార్) కావాలి, మన దగ్గర ఎవడు వాయిస్తాడు అని ఆగిపోతారు చాలామంది. ఈ పాటలో పెడల్ స్టీలే లేదు. ఎలక్ట్రిక్ మీద తీగని మెల్లగా లాగి వదిలే బెండ్లే ఆ పని చేస్తాయి.

రాకెట్‌సిటీరావు:

నేను హంట్స్‌విల్‌లో ఉంటా, అలబామా. ఈ పాట రికార్డ్ చేసిన మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియో మాకు గంటంపావు డ్రైవ్, షెఫీల్డ్ అనే ఊళ్ళో, 3614 జాక్సన్ హైవే. ఇండియా నుంచి ఎవరైనా వస్తే అందరూ స్పేస్ రాకెట్ మ్యూజియం చూపిస్తారు, నేను దీనికి కూడా తీసుకెళ్తా, మా బావమరిది ఇంతేనా అన్నాడు. ఇంతే మరి. రోడ్డు పక్క చిన్న బిల్డింగు, పూర్వం శవపేటికల షోరూమ్. పక్కనున్న ఫేమ్ స్టూడియోలో వాయించే నలుగురు సెషన్ వాళ్ళు, జిమ్మీ జాన్సన్, రోజర్ హాకిన్స్, డేవిడ్ హుడ్, బ్యారీ బెకెట్, 1969లో బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబర్ 2 నుంచి 4 వరకు స్టోన్స్ వచ్చారు. ఫ్లోరిడాలో షో అయిపోయింది, కాలిఫోర్నియాలో ఆల్టమాంట్ కచేరీ డిసెంబర్ 6న, మధ్యలో దొరికిన మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో మూడు పాటలు, బ్రౌన్ షుగర్, యూ గాటా మూవ్, ఇది.

తమ్ముడికి పనికొచ్చేది ఏంటంటే, అక్కడ టేప్ ఎనిమిది ట్రాకులది (విడివిడిగా రికార్డ్ చేసుకునే వరసలు). ఇంజినీరు ఆ జిమ్మీ జాన్సనే. ఎనిమిదే ఉంటే ఏం చేస్తారు, అందరూ ఒకే గదిలో కూర్చుని కలిసి వాయించాలి, డ్రమ్ మైకులో గిటార్ వినబడుతుంది, గిటార్ మైకులో డ్రమ్ వినబడుతుంది, తర్వాత విడదీసి సరిచేసే సీన్ లేదు. నువ్వేమో ఒక్కడివే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటి తీసి అతికిస్తున్నావు, అన్నీ క్లిక్‌ని చూసుకుంటున్నాయి గానీ ఒకదాన్నొకటి వినట్లేదు. వైల్డ్ హార్సెస్‌లో డ్రమ్మర్ చార్లీ వాట్స్ మొదట్లో అసలు ఉండడు, ఆగుతాడు, వచ్చాక కూడా బీట్‌కి పిసరంత వెనక వాలి కొడతాడు. లూప్‌కి అది తెలీదు.

మాటల సంగతి కూడా. కీత్‌కి 1969 ఆగస్టులో కొడుకు పుట్టాడు, పసివాణ్ణి వదిలి అమెరికా టూర్‌కి రావాల్సొచ్చింది, ఆ బెంగలోంచి పల్లవి వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. చరణాలు జాగర్ రాశాడు. అవి తన ప్రియురాలు, గాయని మేరియన్ ఫెయిత్‌ఫుల్ గురించి అని లోకమంతా అంటుంది, జాగర్ మాత్రం కాదు, అప్పటికే ఆ వ్యవహారం అయిపోయింది అంటాడు. అంటే పల్లవి ఒకడి ఇంటి బెంగ, చరణం ఇంకొకడి తెగిపోయిన ప్రేమ, రెండూ కలిసేసరికి ఎవరి గురించో తేలదు, వినేవాడు తన మనిషిని అందులో కూర్చోబెట్టుకుంటాడు. నీ పాటలో పొలం సర్వే నంబర్‌తో సహా చెప్పేసి ఉంటావని నా అనుమానం 😀

అన్నట్టు స్టోన్స్ మీద తీసిన గిమ్మీ షెల్టర్ డాక్యుమెంటరీలో ఈ స్టూడియో సీన్ ఉంది, అందరూ కూర్చుని అప్పుడే తీసిన ఈ పాట ప్లేబ్యాక్ వింటుంటారు. కీత్ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతుంటాడు, చార్లీ కెమెరా వైపు అలా చూస్తూ ఉండిపోతాడు. ఎవరూ మాట్లాడరు. పాట ఎలా చెయ్యాలో అడిగేవాళ్ళకి నేను ఆ సీనే చూడమంటా.

పాతటేప్:

రావు గారూ కంట్రీ గాయకుడు గ్రామ్ పార్సన్స్‌ని వదిలేశారు! స్టోన్స్‌కి కంట్రీ ఎక్కించింది ఆయనే అంటారు. బర్డ్స్ బ్యాండ్‌లో ఉండి 1968లో దక్షిణాఫ్రికా టూర్‌కి రానని బయటికొచ్చి కీత్‌తో తిరిగాడు, ఇద్దరూ కూర్చుని గంటలకొద్దీ పాత కంట్రీ పాటలు వాయించుకునేవాళ్ళు. తమాషా ఏంటంటే వైల్డ్ హార్సెస్ ముందు రిలీజైంది స్టోన్స్‌ది కాదు, గ్రామ్ బ్యాండ్ ఫ్లయింగ్ బురిటో బ్రదర్స్‌ది, 1970లో. స్టోన్స్ పాత కంపెనీతో గొడవల్లో ఉండి తమ ఆల్బమ్ స్టికీ ఫింగర్స్ 1971లో గానీ బయటికి తేలేదు. రెండు వెర్షన్లూ పక్కపక్కన వినండి. గ్రామ్ గొంతులో వణుకు ఉంటుంది, పగిలిపోతుందేమో అనిపిస్తుంది. నాకు గ్రామ్‌దే ఇష్టం, రాళ్ళు వేసేవాళ్ళు వెయ్యండి.

బ్లంట్‌బాబు:

వేశా ఒకటి. గ్రామ్‌ది బాగుంటుంది గానీ ఏడుపు రెండు పాళ్ళు ఎక్కువ.

టెర్రస్‌గిటార్:

అందరికీ పెద్ద థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నిన్న రాత్రి ట్రై చేశా. ఫ్యాన్ ఆపేసి, కిటికీకి దుప్పటి కట్టి, ఒక్క మైకు పెట్టుకుని గిటార్, గొంతు కలిపి తీశా, క్లిక్ లేదు, ప్యాడ్ లేదు, జీ మేజర్. రూమ్మేట్ మంచం మీద కూర్చుని కాజోన్ (చెక్కపెట్టె డ్రమ్) వాయించాడు, రెండో చరణం దాకా ఆగరా అంటే వాడికి చేతులు ఆగట్లేదు, అయినా ఆగాడు. చివరి పల్లవిలో పక్కింటి కుక్కర్ విజిల్ పడింది. చెమటతో చచ్చాం గానీ మొదటిసారి మళ్ళీ విందాం అనిపించింది. రావు గారూ సర్వే నంబర్ లేదు గానీ మండలం పేరు ఉంది, తీసేశా 😅

రెండు డౌట్లు. పల్లవి దగ్గరకొచ్చేసరికి స్పీడ్ పెరిగిపోతోంది, దాన్ని సరిచెయ్యాలా? ఇంకోటి మాటల ఇబ్బంది, ఇంత స్లో టెంపోలో తెలుగు మాటలు సరిపోక లైను నింపడానికి "ఓ", "హో" పెట్టాల్సొస్తోంది.

రాకెట్‌సిటీరావు:

పల్లవిలో కొంచెం పెరిగితే పెరగనీ, మళ్ళీ చరణంలో వెనక్కి వస్తోందా లేదా చూడు. వస్తుంటే వదిలెయ్, రాకుండా అలా పెరుగుతూనే పోతుంటే మాత్రం ఇంకో టేక్. కుక్కర్ విజిల్ ఏ శ్రుతిలో ఉంది?

హాఫ్‌కర్నాటిక్:

ఓ, హో తీసెయ్యండి దయచేసి. లైను నింపక్కర్లేదు, ఖాళీగా వదిలెయ్యండి, అక్కడ మీ నాష్‌విల్ గిటార్ రెండు తీగలు మీటుతుంది. తెలుగు మాట చివర ఎలాగూ అచ్చు ఉంటుంది కాబట్టి సాగదీయాలనిపిస్తుంది, అదే సినిమా పాట అలవాటు, పట్టుబట్టి పొట్టిగా తెంచి పాడి చూడండి. బ్లంట్‌బాబు గారు చెప్పిన మాట్లాడినట్టు పాడటం అప్పుడే కుదురుతుంది.

మూడోతీగ:

తీగలు కొన్నావా లేదా అది చెప్పు ముందు.

టెర్రస్‌గిటార్:

కొన్నా బ్రో. జీ తెగింది.

మూడోతీగ:

షాపులో ఎనిమిది గేజ్ (తీగ మందం) సింగిల్ ప్లెయిన్ తీగలు విడిగా అడుగు, ఒక నాలుగు తెచ్చి పెట్టుకో. ఈసారి ఎఫ్ షార్ప్ దాకా పెట్టి రాత్రంతా వదిలేసి పొద్దున్న జీకి తీసుకెళ్ళు, నిలబడుతుంది.