పల్లెల్లో గుండె జబ్బుల నివారణకు సేవాసంస్థను ఏం కోరాలి?

ప్రశ్న: చంద్రగిరి దగ్గరి మా ఊళ్లో ఒక సేవాసంస్థ నెలకొకసారి రక్తపోటు పరీక్షలు చేస్తోంది. శిబిరం ముగిశాక మందులు వాడేవారే కనిపించడం లేదు. ఏం చేయమని వారిని కోరాలండీ?

జవాబు 1: పరీక్ష కన్నా ఆ తర్వాత వెంటబడి కనుక్కోవడం ముఖ్యమండీ. 140/90 దాటినవారి వివరాలు ఆశా కార్యకర్తకు అప్పగించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుడికి చూపించి, మందులు ఆగకుండా అందేలా చూడమనండి. ఏ బాధా లేదని మా నాన్నగారు మాత్రలు మానేశారు. పక్షవాతం వచ్చాకే ఆ తప్పు మాకు తెలిసింది.

జవాబు 2: ఉప్పు సంగతీ చెప్పించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే వాడమంటోంది. ఊరగాయ, అప్పడాలతో ఆ హద్దు సులువుగా దాటిపోతుంది.

జవాబు 3: ఛాతీనొప్పి, చెమటలు వస్తే గ్యాస్ అనుకొని సోడా తాగిస్తూ కూర్చోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలని, మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆగితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలని ఊరి యువకులకు నేర్పించమనండి.