ఇంట్లో అందరూ కేకులు అద్భుతంగా చేస్తారు, నాకేమో ఇష్టం లేదు. అయినా చేసి తీరాలా?

నరసాపురం చిన్నది:
సూటిగా అడుగుతున్నాను, మీరూ సూటిగానే చెప్పండి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు, క్రిస్మస్ చేసుకునే ఇల్లు. అమ్మ, పెద్దమ్మ, మేనత్త, అందరూ కేకుల్లో చెయ్యి తిరిగినవాళ్లు. అమ్మమ్మ రోజుల్లో ఇంట్లో ఓవెన్ లేక, పిండి కలిపి రేకు డబ్బాల్లో పోసి టౌన్లో బేకరీకి పట్టుకెళ్లి కట్టెల బట్టీలో కాల్పించుకుని వచ్చేవారట. ఇప్పుడు అందరిళ్లలోనూ ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, ఉంది. నవంబర్ వచ్చిందంటే ఎండుద్రాక్ష, ఖర్జూరం, చెర్రీలు ద్రాక్షరసంలో నానుతుంటాయి, డిసెంబర్ సగమయ్యేసరికి వీధి వీధంతా మా కేకులే.

నాకు ఆ పని ఇష్టం లేదు. రాక కాదు, చేస్తే కేకు బాగానే పొంగుతుంది. కానీ కారమెల్ కోసం పంచదార మాడ్చేటప్పుడు వచ్చే పొగ, వెన్నా పంచదారా తెల్లగా నురగ వచ్చేదాకా గిలక్కొట్టడం, ఓవెన్ ముందు కాపలా, ఆ తర్వాత జిడ్డు గిన్నెల గుట్ట, వీటిలో ఏదీ నాకు సంతోషం ఇవ్వదు. ఆఫీసు నుంచి వచ్చాక పుస్తకం పట్టుకుని కూర్చుంటే నాకు హాయి. "ఈ ఇంట్లో పుట్టి కేకు చేయనంటే ఎలా, రేపు అత్తారింట్లో మమ్మల్ని ఏమనుకుంటారు" అంటారు మా ఇంట్లోవాళ్లు. మా తమ్ముడికేమో ఈ పనంటే ప్రాణం, వాడు గిన్నె దగ్గరికి రాబోతే మాత్రం "నువ్వెళ్లి డబ్బాలు పంచిరారా" అని బయటికి పంపేస్తారు. ఇష్టం లేదని చెప్పడం పెద్దల్ని కించపరచడం కాదని నా వాదన. మీరేమంటారు?

పాలకొల్లు పిన్ని:
అమ్మాయ్, కోపం తెచ్చుకోకు, నేను ఒప్పుకోను. ఇష్టమైన పనులే చేస్తామంటే ఏ ఇంట్లో పండగ జరుగుతుంది చెప్పు? సంక్రాంతికి అరిసెల పాకం పట్టడం నాకు మాత్రం సరదానా? తడిపిండి ఆరకముందే పాకం అందుకోవాలి, నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి, కాస్త ముదిరిందా అరిసె గట్టిపడిపోతుంది, ఆ టెన్షన్ ఏటా ఉండేదే. అయినా మా అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పబట్టే, ఆవిడ పోయాక కూడా మా ఇంట్లో అరిసెలు ఆగలేదు. రేపు మీ అమ్మకి ఓపిక తగ్గితే ఎవరు చేస్తారు? అది ఆలోచించావా?

రావులపాలెం కుర్రాడు:
పిన్నిగారూ, మా పక్కనే ఆత్రేయపురం. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందరం సంబరపడ్డాం. కానీ రేకు తీసేవాళ్ల పక్కన కాసేపు కూర్చుంటే తెలుస్తుందండి ఆ కష్టం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, బియ్యం రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి ఆ కాలే కుండ మీద పరవడం, గంటల తరబడి ఆ సెగలోనే. అది వాళ్ల బతుకుతెరువు. నాకు తెలిసిన ఇళ్లలో అయితే కూతురు చదువుకుని వేరే ఉద్యోగంలో చేరితే ఆ తల్లులు సంతోషించారే గానీ, కుండ వదిలేశావని ఒక్కరూ అనలేదు. కూడు పెట్టే పనికే లేని బలవంతం పండగ కేకుకి ఎందుకండీ? పైగా తమ్ముడు నేర్చుకుంటానని వస్తున్నాడు. మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర ఉండేది ఎక్కువగా మగవాళ్లే, బేకరీ బట్టీ దగ్గరా వాళ్లే, ఇంట్లో మాత్రం మగపిల్లాడు గిన్నె ముట్టుకుంటే ఏమైపోతుందో నాకు అర్థం కాదు.

భీమవరం ఓవెన్:
చాలామందికి అయిష్టం నేర్పే పద్ధతి వల్ల వస్తుంది. "కాస్త మైదా వెయ్యి, చూసుకుని పాలు పొయ్యి" అంటే ఏళ్ల తరబడి చేసినవాళ్లకి తెలుస్తుంది గానీ కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది? జల్లించి వేస్తే ఒక కప్పు మైదా దాదాపు 120 గ్రాములు, అదే కప్పుతో డబ్బాలోంచి నొక్కి తీస్తే 150 దాకా పోతుంది. కేకు పిడచకట్టేది అక్కడే, తిట్లు మాత్రం చేసిన పిల్లకి. పెంకు లేకుండా గుడ్డు సుమారు 50 గ్రాములు. నాలుగు గుడ్లకి వెన్న, పంచదార, మైదా తలా 200 గ్రాములు, చెంచాడు బేకింగ్ పౌడర్, మామూలు కేకు అంతే. వంటసోడా అయితే పెరుగో ఇంకేదైనా పులుపో తోడుండాలి, బేకింగ్ పౌడర్‌లో ఆ పులుపు ముందే ఉంటుంది. మైదా వేశాక ఎక్కువసేపు కలిపితే సాగుడు వస్తుంది. ఓవెన్ 180 డిగ్రీలకి ముందే వేడెక్కాలి, మొదటి 20 నిమిషాలు తలుపు తీయకూడదు. చెల్లాయ్, ఒక కాటా కొను, ఇష్టం దానంతటదే వస్తుంది.

నరసాపురం చిన్నది:
అన్నయ్యా, కాటా మా ఇంట్లో కొన్నది నేనే, అందుకే చేస్తే వస్తుందని రాశాను. బాగా వచ్చిన ప్రతిసారీ "చూశావా, నీకూ ఇష్టమే" అని నా మనసు గురించి వాళ్లు తీర్పు చెప్పేస్తుంటే అదే నాకు ఎక్కువ బాధ.

పిన్నిగారూ, అమ్మకి ఓపిక తగ్గితే ఎవరు చేస్తారన్నారు, ఆ భయం నాకూ ఉంది. ఆ కేకు ఆగిపోవాలని నాకెందుకుంటుంది? కానీ దానికి నన్ను ఓవెన్ ముందు నిలబెట్టడం ఒక్కటే దారా? ఈ ఏడు అమ్మ చేస్తుంటే పక్కన కాటా పెట్టుకుని అన్నీ తూచి రాస్తాను. ఆవిడ గుప్పెడు జీడిపప్పు ఎన్ని గ్రాములు, చిటికెడు జాజికాయ పొడి ఎంత, పంచదార ఏ రంగుకి వచ్చాక వేడినీళ్లు పోస్తుంది (ఎర్రబడి పొగ లేచాక పోస్తుంది, నల్లబడనిస్తే కేకంతా చేదే), అన్నీ. చెయ్యి మాత్రం తమ్ముడిది. వాణ్ణి వంటింట్లోంచి తరమకుండా ఉంటే చాలు.

కోనసీమ దిబ్బరొట్టె:
ఓవెన్లు రాకముందే మనకి ఈ పని తెలుసండి. మినప్పిండీ బియ్యపు రవ్వా మందపాటి గిన్నెలో పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు. మా ఇంట్లో ఆ దిబ్బరొట్టె నాన్నగారే కాల్చేవారు, అమ్మ పిండి రుబ్బి ఇచ్చి పక్కకి తప్పుకునేది. వీధిలో ఎవరూ వింతగా చూడలేదు.

పాలకొల్లు పిన్ని:
తమ్ముడి సంగతి ఒప్పుకున్నాను, వాణ్ణి రానివ్వకపోవడం తప్పే. రాసుకోవడం దగ్గర మాత్రం నీతో కలవను. పాకం వేళ్లకి తెలియాలి, కాగితం చూసి పట్టినవాళ్లని నేను చూడలేదు. ఇంకో మాట, "ఇష్టం లేదు" అని నువ్వంటే మీ అమ్మ చెవికి అది కేకు గురించిన మాటలా వినపడదు, తన మీద మాటలా వినపడుతుంది. మెల్లగా చెప్పు.

నరసాపురం చిన్నది:
మెల్లగానే చెబుతాను పిన్నీ, నీ కేకంటే ఇష్టమే, చేయడమే ఇష్టం లేదని విడదీసి చెబుతాను. కాగితం చూస్తే చెయ్యి రాదన్నది నిజమే. కానీ ఆ కాగితం కూడా లేకపోతే తమ్ముడు ఎక్కడ మొదలుపెట్టాలి? కారమెల్ లెక్క తేలగానే ఇక్కడ పెడతాను, తప్పుంటే మీరే దిద్దండి.